ఇనుప మూకుట్లో సిరా: కరక్కాయ ఇంకు డైరీ

జూన్ 14

తొలకరికే మా శ్లాబు కారింది. అటక మీది అట్టపెట్టె తడిసి ముద్దయింది. అందులో నా ఎమ్మెస్సీ నోట్సులు రెండు, మావయ్యగారి పాత చిత్తు పుస్తకం ఒకటి ఉన్నాయి. నా నోట్సు విప్పితే అక్షరం అన్నది లేదు, పేజీ నిండా నీలం చారికలు. ఆర్గానిక్ కెమిస్ట్రీ అంతా కలిసి ఒక్క చెరువైపోయింది. మావయ్యగారి పుస్తకం కాగితం అప్పడంలా ముడతలు పడింది గానీ ఒక్క గీత కూడా చెదరలేదు. పై అట్ట మీద 1974 అని ఉంది.

మావయ్యగారు దస్తావేజు లేఖరి. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చేదాకా చేత్తోనే రాశారు. పుస్తకం ఫ్యాను కింద ఆరబెడుతూ అడిగాను, ఇదేం ఇంకండీ అని.

"నీలి నలుపు సిరా అమ్మాయ్. రాసేటప్పుడు నీలం, తెల్లారేసరికి నలుపు. మేం దస్తావేజు దాంతో తప్ప రాసేవాళ్లం కాదు. నువ్వు వాడేది బట్టల మీద పడ్డా ఉతికితే పోవాలని చేసింది. పోయింది."

కెమిస్ట్రీ పాఠం చెప్పేదాన్ని నేను, సిరా పాఠం చెప్పింది ఆయన. కొంచెం ఉడుక్కున్నాను. ఆ సిరా సంగతి పుస్తకాల్లో చదివిందే: టానిన్ అనే వగరు పదార్థం ఉన్న కాయ కషాయం, అన్నభేది అనే ఇనుప లవణం. మన దగ్గర టానిన్‌కి కరక్కాయ పెట్టింది పేరు. ఎండు కరక్కాయ పెచ్చులో దాదాపు మూడో వంతు టానిన్లే.

ఇంట్లో కాచి చూద్దాం అనుకున్నాను. షరతులు మూడు. ఇంకు పెన్నులో పోసి రాయగలగాలి, నీళ్లలో తడిసినా నిలవాలి, కొట్లో సీసా కన్నా చవగ్గా పడాలి.

జూన్ 15

మూలికల కొట్లో 100 గ్రాముల కరక్కాయలు 40 రూపాయలు. అన్నభేది కూడా అక్కడే ఉందన్నాడు గానీ పొట్లం విప్పితే తుప్పు రంగు పొడి. అంటే గాలి తగిలి అప్పటికే పాడైంది. మంచి అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుల్లా, పటికబెల్లం ముక్కలకి పచ్చ రంగు వేసినట్టు ఉంటుంది. లాబ్ సామాన్ల కొట్టుకెళ్లి ఫెర్రస్ సల్ఫేట్ అని అడిగితే అర కిలో డబ్బా 190 రూపాయలకి ఇచ్చాడు. ఒక సీసా సిరాకి గ్రాము, రెండు గ్రాములు చాలు. మిగతాది ఏం చెయ్యాలో తెలీదు. మల్లె మొక్కకి వెయ్యొచ్చంటున్నారు.

జూన్ 16

మొదటి తప్పు ఇవాళే చేశాను. దాని వల్ల లాభమూ కలిగింది.

12 గ్రాముల కరక్కాయ పెచ్చులు కచ్చాపచ్చాగా దంచి, చేతికందిన మూకుట్లో 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి సన్నసెగ మీద పెట్టాను. ఐదు నిమిషాలు తిరిగొచ్చేసరికి కషాయం గోధుమ రంగు దాటి నల్లగా కాటుకలా ఉంది. అన్నభేది ఇంకా పొట్లం కూడా విప్పలేదు! తీరా చూస్తే అది ఇనుప మూకుడు. నేను నెలకోసారి తలకి పెట్టుకునే గోరింటాకు పొడి రాత్రంతా నానబెట్టేది అందులోనే. అందులో ఎందుకు నానబెడతామో ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. ఉసిరికాయను ఇనుప కత్తితో కోస్తే నల్లబడటం, అరటికాయ తరిగాక కత్తిపీట కమిలినట్టు అవడం, రెండూ ఈ సిరాయే. మన వంటింట్లో రోజూ కాస్తో కూస్తో తయారవుతూనే ఉంది.

శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు కూడా ఇలా వచ్చేదే. బట్టను ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లలో కలం ముంచి గీత గీస్తారు. ఆ నీళ్లకి సొంతంగా నలుపేమీ లేదు. బట్టలోని కరక్కాయను తాకాకే నల్లబడుతుంది. అంటే వాళ్లు సిరాను సీసాలో కాకుండా బట్ట మీదే తయారు చేస్తున్నారన్నమాట.

నాకు పనికొచ్చే ముక్క కూడా అదే. అన్నభేదిలో ఇనుము ఫెర్రస్ రూపంలో ఉంటుంది. ఆ రూపంలో టానిన్‌తో కలిస్తే రంగు అంతగా రాదు, నీళ్లలో కరిగే ఉంటుంది. గాలి తగిలి ఫెర్రిక్‌గా మారాక కరగని నల్లటి పదార్థం అవుతుంది. ఈ మార్పు కాగితం మీద జరిగితే నలుపు నారల్లో కూరుకుపోయి నీళ్లకి లొంగదు. సీసాలో జరిగితే అడుగున మడ్డి. పెన్నులో జరిగితే చెప్పక్కర్లేదు. కాబట్టి నా పని నల్లటి సిరా చెయ్యడం కాదు, కాగితం మీద పడేదాకా నల్లబడకుండా ఆపడం.

మూకుట్లోది పారబోశాను. మూకుడు తోమడానికి అరగంట.

జూన్ 19

స్టీలు గిన్నెలో కాచిన రెండో కషాయం మూత పెట్టి ఉంచితే మూడో రోజుకే పైన తెల్లటి బూజు. గోదావరి గట్టున జూన్ నెల ఉక్కలో బూజు పట్టనిదేముంది. ఐరోపాలో పాతకాలం సిరా కాచేవాళ్లు కావాలనే బూజు పట్టనిచ్చేవారు. బూజు టానిన్‌ను విడగొట్టి గాలిక్ ఆమ్లం చేస్తుంది, నలుపు బాగా వస్తుంది. ముంచి రాసే కలానికి అది బాగానే ఉంటుంది గానీ పెన్నులోకి బూజు పోగు ఒక్కటి పోయినా ఇక అంతే. ఇకనుంచి వడగట్టగానే రెండు చుక్కలు లవంగ నూనె.

జూన్ 22

మూడో కాపు. కరక్కాయ 12 గ్రాములు, అన్నభేది 4 గ్రాములు, వడగట్టిన నీళ్లు 100 మిల్లీలీటర్లు. ముందు ముంచి రాసే పాళీతో చూశాను. రాసేటప్పుడు పల్చటి టీ డికాషన్ రంగు. ఏం రాస్తున్నానో నాకే ఆనడం లేదు. మూడు నాలుగు నిమిషాల్లో బూడిద రంగుకి తిరిగింది, గంటకి నలుపు. ఆ రంగు మారడం చూస్తూ కూర్చుంటే అన్నం సంగతి మర్చిపోయాను. మర్నాడు ఉదయం చూస్తే కారు నలుపు, కాస్త ఊదా జీరతో.

తుమ్మ జిగురు వెయ్యలేదు. ముంచి రాసే సిరాకి జిగురు ఉండాలి, పాళీ నుంచి ఒక్కసారిగా జారిపోకుండా పట్టుకుంటుంది. ఇంకు పెన్నులో జిగురు వేశామంటే మనమే గొంతు నులిమినట్టు.

జూన్ 29

నులమక్కర్లేకుండానే పోయింది.

వారం క్రితం ఆ సిరాను 120 రూపాయల స్టీలు పాళీ పెన్నులో పోశాను. మొదటి రెండ్రోజులు సాఫీగా సాగింది. మూడో రోజు విదిలిస్తే గానీ రాలేదు. నాలుగో రోజు విదిలిస్తే నా చున్నీ మీద పడింది గానీ కాగితం మీద పడలేదు. చున్నీ ఇక సిరా నమూనాగా దాచుకోవాల్సిందే, ఎందుకంటే అది పోదు. పోకూడదనే కదా చేసింది!

పాళీ ఊడదీశాను. పాళీకి సిరా అందించే కింది నాలిక గాడుల నిండా నల్లటి మడ్డి. కొళాయి కింద పెడితే ఇంకా ముదిరింది, మాది బోరు నీళ్లు, ఉప్పదనం ఎక్కువ. క్షార గుణం ఉన్న నీళ్లు తగిలితే మిగిలిన ఇనుము కూడా అక్కడికక్కడే గడ్డకడుతుంది. చివరికి పని చేసింది విటమిన్ సి. చిటికెడు ఆస్కార్బిక్ ఆమ్లం నీళ్లలో కలిపి అందులో పాళీ, నాలిక వేస్తే పావుగంటలో నలుపు కరిగి విడిచింది. ఫెర్రిక్‌ను మళ్లీ ఫెర్రస్ చేస్తుందది. లాబ్‌లో దొరికే తెల్ల పొడి వాడాలి. నమిలే నారింజ మాత్రలు వేస్తే పంచదార పాకం కూడా పెన్నులోకి ఎక్కుతుంది.

సీసా అడుగున కూడా మడ్డి దిగింది. కారణాలు రెండు. సిరా మరీ చిక్కన, పైగా ఇనుమును కరిగించి ఉంచడానికి ఆమ్లం లేదు.

జూలై 3

నాలుగో కాపు. ఇది కుదిరింది, అందుకే కొలతలన్నీ రాస్తున్నాను.

కరక్కాయ పెచ్చు 5 గ్రాములు. కాచలేదు. గోరువెచ్చటి వడగట్టిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, బట్టలో ఒకసారి, ఫిల్టర్ పేపర్లో రెండుసార్లు వడగట్టాను. కాస్తే పిండి, జిగట కూడా దిగుతున్నాయి, అవి మనకి అక్కర్లేదు. వచ్చిన తేట 90 మిల్లీలీటర్లు చేశాను. అందులో ముందు పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక మిల్లీలీటరుకి కాస్త పైన, ఆ తర్వాతే అన్నభేది గ్రామున్నర. ఈ వరస తప్పితే అన్నభేది పడ్డ చోటల్లా నల్ల మబ్బు కమ్ముతుంది. లవంగ నూనె రెండు చుక్కలు. ఆమ్లం పని లాబ్‌లోనే చేసుకొచ్చాను. ఇంట్లో ఆ సీసా పెట్టడం నాకిష్టం లేదు.

అన్నిటికన్నా పెద్ద మార్పు చివరిది. కొట్లో కొన్న రాయల్ బ్లూ 10 మిల్లీలీటర్లు కలిపాను. నా నోట్సుని ముంచేసిన జాతి ఇంకే. ఎందుకంటే రాసేటప్పుడు కళ్లకి ఆనాలి కదా. నీలం మొదట కనబడుతుంది, వెనకాల నలుపు నెమ్మదిగా వస్తుంది. 1830ల్లో ఇంగ్లండులో హెన్రీ స్టీఫెన్స్ అనే వైద్యుడు అమ్మిన నీలి నలుపు సిరా వెనక ఉన్న ఉపాయమూ ఇలాంటిదే. మావయ్యగారు తెల్లారేసరికి నలుపు అన్నది ఈ ముక్కే. నలుపు నీలం కలిపిన రంగు కాబట్టి నీలి నలుపు అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను నేను.

ఈసారి పెన్ను కూడా మార్చాను. మా రాజమండ్రిలోనే చేసిన ఎబొనైట్ పెన్ను, డ్రాపర్‌తో ఇంకు పోసుకునే రకం. ఎబొనైట్ అంటే గంధకం పట్టించి గట్టిపరిచిన రబ్బరు, పలుచటి ఆమ్లాలకి చలించదు. లోపల లోహపు భాగాలేవీ లేవు, పాళీ ఒక్కటే. కడగడానికి ఊడదియ్యడం పిల్లలాట. ఈ ఊళ్లో 1932 నుంచి రత్నం పెన్నులు చేస్తున్నారు, 1935లో గాంధీగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ కథ మావయ్యగారు ఎవరొచ్చినా చెబుతారు కాబట్టి ఇక్కడ ఇంతటితో ఆపేస్తాను.

జూలై 5

పరీక్షలు. పక్కన పోలికకి ఉత్త రాయల్ బ్లూ.

రంగు: రాసిన క్షణం లేత నీలం, స్కూలు పిల్లల ఇంకులా. ఐదు నిమిషాలకి మబ్బు నీలం. సాయంత్రానికి ముదురు, మర్నాటికి నలుపులో నీలం జీర. పాళీ ఎక్కువ సిరా వదిలిన చోట, అంటే సున్నా కింది వంపులో, తలకట్టు మొదట్లో, ఇంకా నల్లగా ఉంటుంది. తెలుగు అక్షరాల వంపులకి ఈ వెలుగునీడలు అందం. మెరుపులూ అవీ ఏం లేవు, ఆరాక పొడిగా, మట్టంగా ఉంటుంది. నాకు అదే నచ్చింది.

కాగితం: పల్చటి లాంగ్ నోట్‌బుక్కులో రాయల్ బ్లూ అంచులు వెంట్రుకల్లా పాకింది, వెనక పేజీకి కూడా ఊరింది. నాది దాదాపు పాకలేదు. చవక కాగితం మీద గీత సన్నగా, గట్టిగా నిలబడటం ఈ సిరాకున్న అసలు సుగుణం అంటాను. నూట ఇరవై పేజీల నోట్సు రెండు వైపులా రాసుకోవచ్చు. 75 జి.ఎస్.ఎమ్. జిరాక్సు కాగితం మీద రెండిటికీ పెద్ద తేడా కనిపించలేదు.

ఆరడం: వేలితో రుద్ది చూస్తే నోట్‌బుక్కులో 8 సెకన్లు, జిరాక్సు కాగితం మీద 14. ముసురు పట్టిన రోజు ఇంకో నాలుగు కలుపుకోవాలి. చిన్నప్పుడు సుద్దముక్క దొర్లించి ఆరబెట్టేవాళ్లం కదా, ఇప్పుడది కూడా చేశాను. సుద్ద తగిలిన చోట మాత్రం రంగు వేరుగా ముదిరింది. సుద్ద క్షారం కాబట్టి కావచ్చు. మళ్లీ చెయ్యను.

పారకం: పొడిగా నడుస్తుంది. రాయల్ బ్లూ నూనె రాసినట్టు జారితే ఇది కాగితాన్ని కాస్త గీరుతున్నట్టు ఉంటుంది. వేగంగా రాసే చెయ్యి అయితే విసుగు. నిదానంగా రాసేవాళ్లకి చెయ్యి అదుపులో ఉంటుంది.

నీళ్లు: రెండు కాగితాలూ రాసిన మర్నాడు బక్కెట్లో గంటసేపు పడేశాను. రాయల్ బ్లూ కాగితం తెల్లకాగితం అయింది. నాదాంట్లో నీలం వదిలిపోయి, బూడిద నలుపు అక్షరాలు స్పష్టంగా మిగిలాయి. వాటిని మావయ్యగారికి చూపిస్తే, తడి బొటనవేలితో గట్టిగా రుద్ది, వెలుతురుకి పట్టుకుని చూసి, "రాసిన గంటలోపే తడిపి చూశావా?" అన్నారు. చూడలేదు. చూశాను. గంటలోపు అయితే సగమే నిలిచింది. గాలి తగిలే వ్యవధి ఇవ్వాలి దీనికి.

జూలై 9

కాలేజీ స్టాఫ్ రూములో నిమ్మకాయ పులిహోర తింటూ పేపర్లు సర్దాను. నా కరక్కాయ అక్షరాల మీద వేలిముద్ర పడింది. కాసేపటికి చూస్తే ఆ వేలిముద్ర మేరా అక్షరాలు పాలిపోయి పసుపు. బక్కెట్ నీళ్లకి లొంగనిది పులిహోరకి లొంగింది! ఆలోచిస్తే ఆశ్చర్యమేం లేదు, బట్టల మీద తుప్పు మరకకి నిమ్మకాయ రుద్దుతాం. ఇందులో నలుపంతా ఇనుమే. నిమ్మ పులుపు ఇనుమును పట్టుకుని లాగేస్తుంది.

ఇంటికొచ్చి వరసగా పరీక్షలు పెట్టాను. చింతపండు పులుసు కొంచెం పలచబరిచింది. మజ్జిగకి ఏమీ కాలేదు. బట్టలకి వాడే బ్లీచింగ్ ద్రావణం నలుపును తుప్పు పసుపు చేసింది, అయినా అక్షరం చదవొచ్చు. రాయల్ బ్లూ మీద అదే చుక్క వేస్తే ఆనవాలు కూడా లేకుండా పోయింది.

మావయ్యగారికి ఈ సంగతి కొత్తేం కాదు. "అందుకే దస్తావేజు ముందు పెట్టుకుని నిమ్మకాయ సోడా తాగనిచ్చేవాణ్ని కాదు పార్టీల్ని" అన్నారు. నిజమో, అప్పటికప్పుడు అల్లారో.

జూలై 20

కిటికీకి సగం కప్పి అంటించిన కాగితం తీశాను. 15 రోజులు, అందులో ఎండ కాసింది సగం రోజులే. రాయల్ బ్లూ కప్పని సగం బాగా వెలిసింది. నాది నీలం పోయి నలుపు మిగిలింది, అంచుల్లో కాస్త గోధుమ రంగు వచ్చినట్టుంది. 1974 పుస్తకం కూడా కొన్ని పేజీల్లో గోధుమకి తిరిగే ఉంది.

పెన్ను సంగతి. ఎబొనైట్ ఒంటికి ఏమీ కాలేదు. పాళీ మాత్రం ఊడదీసి భూతద్దంతో చూశాను. బంగారు పూత వేసిన స్టీలు పాళీ అది, చీలిక వెంట పూత లేచి గోధుమ చుక్కలు వచ్చాయి. 17 రోజులకే! ఆమ్లం, ఇనుప లవణం కలిస్తే చవక స్టీలుకి గడ్డుకాలమే. అసలు బంగారు పాళీకి ఈ బెడద లేదు. కానీ మా నాన్నగారి బంగారు పాళీ పెన్నులో ఇది పొయ్యను. పాళీకి కాకపోయినా లోపల ఇంకు పీల్చే పిస్టన్ ఇరుక్కుంటే బాగుచేసేవాళ్లని వెతుక్కోవాలి.

ఇంకోటి, రెండ్రోజులు రాయకపోతే మొదటి గీత రాదు. ఐదు రోజులు వదిలేస్తే పాళీ తడి బట్టతో తుడవాలి. వారానికోసారి కడగాలి, అది కూడా ముందు చిటికెడు ఆస్కార్బిక్ ఆమ్లం కలిపిన నీళ్లతో, తర్వాతే మామూలు నీళ్లతో. గేదెను పెంచినట్టుంది.

జూలై 27

లెక్క.

100 మిల్లీలీటర్లకి కరక్కాయ మూడున్నర రూపాయలు, అన్నభేది 60 పైసలు, నీళ్లు 3, కలిపిన రాయల్ బ్లూ 8, ఫిల్టర్ కాగితాలు 5. మొత్తం 20 రూపాయల పైచిలుకు, అంటే మిల్లీలీటరు 20 పైసలు. కొట్లో 60 మిల్లీలీటర్ల సీసా 48 రూపాయలకి కొన్నాను, మిల్లీలీటరు 80 పైసలు. నాలుగో వంతు ధర!

ఇలా ఆపేస్తే బాగుండేది. కానీ పెన్నులో పట్టిన రెండున్నర మిల్లీలీటర్లు నాకు 24 పేజీలు వచ్చాయి. పేజీకి నా సిరా 2 పైసలు, కొట్టుది 8. మిగిలేది 6 పైసల పైచిలుకు. పాడైన 120 రూపాయల పెన్ను ఖర్చు రాబట్టాలంటే దాదాపు 1,900 పేజీలు రాయాలి. చున్నీ, కొత్త పాళీ, పారబోసిన మూడు కాపులు, నా ఆదివారాలు ఇందులో కలపలేదు. చవక అనే షరతు ఓడిపోయింది, మొహమాటం లేకుండా ఒప్పుకుంటున్నాను. రోజువారీ దిద్దుబాట్లకి, పాఠం నోట్సుకి కొట్టు సీసానే వాడతాను.

లాబ్ స్టాకు రిజిస్టరు, ఇంటి లెక్కల పుస్తకం, అమ్మ చెప్పే ఆవకాయ కొలతలు మాత్రం దీంతోనే. ఆవకాయ పేజీ మీద నిమ్మకాయ పడనివ్వకూడదు, అంతే. వాటికి పెన్ను కూడా అక్కర్లేదు, ముంచి రాసే పాళీ చాలు. పది రూపాయల పాళీ తుప్పు పడితే ఇంకోటి.

ఆగస్టు 3

సీసాకి చీటీ అంటించాలని మావయ్యగారిని రాసిమ్మన్నాను. దస్తావేజు దస్తూరీ కదా. కళ్లజోడు సర్దుకుని, పాళీ ముంచి, అంచున విదిలించి రాశారు: కరక్కాయ సిరా, నాలుగో కాపు, జూలై 3. తేదీ కింద సంతకం కూడా పెట్టారు, అలవాటు కొద్దీ.

"లేతగా ఉందేంటి?" అన్నారు మావయ్యగారి కొడుకు.

"రేపు చూడు" అన్నారాయన.

అడుగున కొంచెం మడ్డి కనిపిస్తోంది. ఈ కాపు సెప్టెంబరు దాకా ఆగుతుందో లేదో గుర్తు పెట్టి ఉంచాను. తుమ్మకాయలు దొరికితే ఐదో కాపు వాటితో, ఈసారి మూకుడు జోలికి వెళ్లకుండా.